ముసురులో తడిసిన జిప్సం బోర్డు గోడలు: కిటికీలు మూయండి, పుట్టీ ఆపండి

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, కింది అంతస్తులో మీ నాన్నగారి ట్యూషన్ సెంటర్. లోపలి గదులన్నీ జిప్సం బోర్డు పార్టిషన్లే. మొన్నటి వాయుగుండం వానకి రోడ్డు కాలువ పొంగి ముందు గదిలోకి జానెడు ఎత్తున నీళ్లు వచ్చాయి. అదే రాత్రి పై ట్యాంకు నుంచి దిగే పైపు జాయింటు ఊడి, వెనక గది పార్టిషన్ పైనుంచి కిందిదాకా తడిసింది. నాలుగు రోజులుగా కిటికీలన్నీ బార్లా తెరిచి ఫ్యాన్లు తిప్పుతున్నారు. అయినా గోడ మెత్తగానే ఉంది, ముక్కిపోయిన వాసన మొదలైంది. మేస్త్రి పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తానంటున్నాడు. సోమవారం క్లాసులు పెట్టుకోవచ్చా అన్నది అసలు టెన్షన్.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఏళ్లుగా పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్ పనులు చేయిస్తున్నాను. వానాకాలం అయ్యాక వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే. ముందు మేస్త్రిని ఆపండి. తర్వాత కిటికీలు మూయండి. మీ రెండు గోడలు తడిసింది ఒకే రాత్రి అయినా వాటికి చేయాల్సిన పని వేరు. ఒకదాన్ని కోసెయ్యాలి, రెండోదాన్ని ఆరబెట్టి చూడొచ్చు.

కిటికీల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దీని మీదే అందరూ నాతో వాదిస్తారు. గాలి తగిలితే తడి ఆరుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కానీ ముసురు పట్టినప్పుడు దండెం మీద బట్టలకి రోజంతా గాలి తగులుతూనే ఉంటుంది, సాయంత్రానికి అవి అలాగే ఉంటాయి. గాలిలో ఖాళీ ఉంటేనే నీరు అందులోకి వెళ్తుంది. అక్టోబరులో మన తీరం మీద 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ మామూలే. అలాంటి గాలిలో ఒక ఘనపు మీటరుకు దాదాపు 26 గ్రాముల నీరు ఉంటుంది. ఆ వేడి దగ్గర గాలి మోయగలిగేదే 30 గ్రాములు. ఇక మీ గోడలో నీటికి మిగిలిన చోటెంత?

బోర్డు ఆరాలంటే గది లోపల తేమ 50 శాతానికి, కుదిరితే ఇంకా కిందికి రావాలి. అంటే ఘనపు మీటరుకు 15 గ్రాములు. మీ గది 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తు అనుకుందాం. అది సుమారు 85 ఘనపు మీటర్లు. కిటికీ తెరిచినప్పుడు గదిలో గాలి ఒక్కసారి పూర్తిగా మారితే 900 గ్రాముల నీరు కొత్తగా లోపలికి వచ్చినట్టే. ఫ్యాన్లు తిప్పుతూ తలుపులు తీసిపెడితే గంటకు అయిదుసార్లు గాలి మారడం పెద్ద విషయం కాదు. అంటే గంటకు నాలుగు లీటర్లకు పైగా. అంత నీటిని లాగే మిషన్ మామూలుగా ఎవరి దగ్గరా ఉండదు. మీరు నాలుగు రోజులుగా గోడను ఆరబెట్టడం లేదు, బంగాళాఖాతాన్ని ఆరబెడుతున్నారు.

ఇందులో మినహాయింపులున్నాయి. నీళ్లు దిగిపోయిన మొదటి కొన్ని గంటల్లో, నేల తుడిచి సామాను బయటపెట్టేటప్పుడు, లోపలి గాలిలో బయటి గాలికంటే ఎక్కువ నీరు ఉంటుంది. అప్పుడు తలుపులు తీయడం మంచిదే. అలాగే జనవరి, ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో భూమి వైపు నుంచి పొడిగాలి వీస్తున్నప్పుడు, మేలో సాలూరు, పార్వతీపురం వైపు వడగాలి ఉన్నప్పుడు కిటికీలే మీ మిషను. అక్టోబరులో ఆ లెక్క చెల్లదు. ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కొనుక్కోండి, వేడి, తేమ రెండూ చూపిస్తుంది. బయట ఒకసారి, లోపల ఒకసారి చూసుకోండి. తేమ శాతం ఒక్కటే చూసి పోల్చకండి, వేడి కూడా కలిపి చూడాలి. 24 డిగ్రీల గదిలో 70 శాతం, 32 డిగ్రీల వీధిలో 70 శాతం ఒకటి కావు. వీధిలో గాలి చాలా ఎక్కువ నీరు మోస్తుంది.

ఇంకో సంగతి కూడా చూసుకోండి. కొందరు పగలు ఏసీ వేసి గది చల్లబరుస్తారు, సాయంత్రం ఆపేసి కిటికీలు తెరుస్తారు. పైన చెప్పిన బయటి గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు విడిచేస్తుంది. 24 డిగ్రీల గోడ మీదకి ఆ గాలిని పిలిస్తే గోడకి చెమట పడుతుంది. పగలంతా లాగిన తడిని సాయంత్రం మళ్లీ ఇచ్చినట్టే.

ఇక ముందు గది. అక్కడికి వచ్చింది రోడ్డు కాలువ నీరు. అందులో ఏముందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వరద పనులు చేసేవాళ్లు నీటిని మూడు రకాలుగా చూస్తారు: కుళాయి నీరు, వాడిన నీరు, మురుగు. మురుగు తాకిన జిప్సం బోర్డును ఆరబెట్టే ప్రశ్నే లేదు. బోర్డు అంటే జిప్సం గుండకు రెండు వైపులా కాగితం. ఆ కాగితం, లోపలి జిప్సం రెండూ నీరు పీల్చేవే, పైన ఎంత కడిగినా లోపలికి వెళ్లింది బయటకు రాదు. ఎంత బాగా ఆరినా మురికి అక్కడే ఉంటుంది, మళ్లీ చెమ్మ తగిలినప్పుడు వాసన లేస్తుంది.

కాబట్టి కోయాలి. ఎంత ఎత్తుకి? నీటి గీత దగ్గర కోస్తే చాలదు, బోర్డు కాగితం, జిప్సం కలిసి నీటిని పైకి లాగుతాయి. గీతకు అడుగు పైదాకా తడి ఎక్కడం మామూలే, ఎక్కువసేపు నిలిస్తే ఇంకా పైకి ఎక్కుతుంది. మీకు జానెడు నీళ్లు వచ్చాయి కాబట్టి నేలనుంచి రెండు అడుగుల దగ్గర స్పిరిట్ లెవెల్ పెట్టి గీత గీసి, రెండు వైపుల బోర్డూ తీసేయండి. రెండడుగులు అనడానికి ఇంకో కారణం ఉంది. మన దగ్గర దొరికే షీటు 4 అడుగుల వెడల్పు, నిలువునా సగానికి కోస్తే వృథా లేకుండా సరిపోతుంది. నాన్నగారు బాధపడితే చెప్పండి, ఈ పనిలో అన్నిటికంటే చవకైనది బోర్డే. దాన్ని కాపాడబోయి వెనకున్న ఫ్రేము, వైరింగు, పిల్లల ఆరోగ్యం పాడుచేసుకోకూడదు.

కోసే ముందు కరెంటు. మెయిన్ ఆపితే సరిపోతుందనుకోవద్దు. ట్యూషన్ సెంటర్ అంటే ఇన్వర్టరు ఉండే ఉంటుంది, మెయిన్ ఆపగానే అది లైన్లో కరెంటు పెడుతుంది. దాన్ని కూడా ఆపి, టెస్టరుతో చూసి, తర్వాతే కట్టరు పట్టుకోమనండి. బ్లేడు లోతు బోర్డు మందానికే ఉంచాలి, అది సాధారణంగా 12.5 మిల్లీమీటర్లు. అంతకంటే లోపలికి దిగితే వైరు గానీ స్టడ్ (బోర్డును బిగించే నిలువు లోహపు పట్టీ) గానీ తెగుతుంది. చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు, ముక్కుకి ఎన్95 మాస్కు. గుడ్డ కట్టుకుంటే సరిపోదు.

బోర్డు తీశాక కింద జీఐ చానెల్, అంటే జింకు పూత పూసిన ఇనుప పట్టీ, కనిపిస్తుంది. అది యు ఆకారంలో ఉంటుంది కాబట్టి నీరు, బురద అందులోనే నిలిచి ఉంటాయి. నేను చూసిన చాలా చోట్ల ముక్కిపోయిన వాసనకి మూలం ఆ చానెలే, గోడ కాదు. స్పాంజితో ఎత్తి, సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడగండి. బ్లీచింగ్ పౌడరు నేలకు వాడితే వాడండి గానీ చానెల్ మీద నిలవనీయకండి, జింకు పూతను తినేస్తుంది, ఆ తర్వాత తుప్పు మొదలవుతుంది. మధ్యలో గ్లాస్ ఉన్ని గానీ రాక్ ఉన్ని గానీ పెట్టి ఉంటే తడిసిన మేరకు పారేయాలి, అది నీటిని పట్టుకుని కిందికి జారిపోతుంది. ఫ్రేము తెరిచి ఉంచితే లోహం త్వరగానే ఆరుతుంది. పక్కనున్న ఇటుక గోడ మాత్రం అంత త్వరగా ఆరదు, వారాలు పడుతుంది. దాని మీద ఇప్పుడే రంగు వేయించకండి, ఉప్పు పూసి పెచ్చులు ఊడుతుంది.

వెనక గదిది వేరే కథ. అక్కడ పడింది ట్యాంకు నీరు. వెంటనే పట్టించుకుని ఉంటే నేను దాదాపు ఏ అనుమానం లేకుండా ఆరబెట్టమనేవాడిని. నాలుగు రోజులైంది, అదే చిక్కు. కాగితం తడిగా ఉంటే బూజు మొలవడానికి 24 నుంచి 48 గంటలు చాలు, మన వేడిలో అది ఆలస్యం చేయదు. అందుకని ముందు పరీక్ష. స్కర్టింగు, అంటే గోడ అడుగున నేల వెంబడి ఉండే పట్టీ, తీసి దాని వెనక చూడండి. బొటనవేలితో నొక్కండి. దిగబడినా, కాగితం పొరలుగా లేచినా, జాయింటు టేపు ఉబ్బినా, నల్లటి, పచ్చటి చుక్కలు కనిపించినా ఆ ముక్క పోయినట్టే, కోసెయ్యండి. బూజు ఉన్నచోట నేరుగా ఫ్యాను పెట్టకండి, గదంతా చల్లినట్టవుతుంది. ముందు ప్లాస్టిక్ షీటు కట్టి, ఆ ముక్క తీసి సంచిలో మూటకట్టి బయట పారేశాకే గాలి పెట్టాలి. బ్లీచ్ పూస్తే చుక్కలు తెల్లబడతాయి గానీ, దానితో పాటు వెళ్లిన నీరు కాగితంలోకి ఇంకుతుంది. గట్టి టైల్స్ మీద అది పని చేస్తుంది, బోర్డు మీద కాదు.

గట్టిగా ఉన్న బోర్డుకి ఇప్పుడు ఆరబెట్టే పని. కిటికీలు, తలుపులు మూసి, తలుపు కింద సందుకి గుడ్డ కుక్కండి. స్కర్టింగు వెనక, చానెల్‌కి కాస్త పైన, ప్రతి రెండు స్టడ్‌ల మధ్యా 12 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేయించండి, పైభాగంలో కూడా ఒకటి రెండు. స్టడ్‌లు సాధారణంగా 2 అడుగులకి ఒకటి ఉంటాయి, అయస్కాంతంతో స్క్రూలు వెతికితే దొరుకుతాయి. రంధ్రాలు స్కర్టింగు వెనకే ఉంటాయి కాబట్టి తర్వాత కనిపించవు. ఈ పని చేయకపోతే బయటి ముఖం ఆరిపోయి, లోపలి ఖాళీలో తడి అలాగే బందీ అయి ఉంటుంది. రెండు పొరల బోర్డు వేసి ఉన్నా, వినైల్ వాల్‌పేపర్ అంటించి ఉన్నా, ఎనామిల్ పెయింటు వేసి ఉన్నా తడి బయటకి రావడం కష్టం. వాల్‌పేపరుంటే ముందు అది చించేయండి.

గాలి గోడ పొడవునా పారాలి. సీలింగ్ ఫ్యాను గాలి గోడ అడుగుకు సరిగ్గా చేరదు. నేలమీద పెట్టే బ్లోయర్లు ఉంటే మంచిది, లేకపోతే టేబుల్ ఫ్యాన్లు గోడకి ఏటవాలుగా, కిందికి పెట్టండి. ఫ్యాను పని గోడను అంటుకుని ఉన్న తడిగాలి పొరను తోసేయడం మాత్రమే. ఆ తడిని గదిలోంచి బయటకు తీసేది డీహ్యూమిడిఫైయర్, అంటే గాలిలో తేమను నీరుగా లాగే మిషను. రెండూ కలిసి ఉండాలి.

డీహ్యూమిడిఫైయర్ కొనేటప్పుడు, అద్దెకు తెచ్చేటప్పుడు ఒక మాట అడగండి. డబ్బా మీద రోజుకు 50 లీటర్లు అని ఉంటే అది ఏ వాతావరణంలో కొలిచారు అని. చాలామంది 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచిన అంకె వేస్తారు. గది పొడిబారేకొద్దీ, 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర అదే మిషను అందులో సగానికి దగ్గరగా లాగుతుంది. కాబట్టి ఒక సైజు పెద్దదే తెచ్చుకోండి. మన వేడికి కంప్రెసర్ రకం సరిపోతుంది. రసాయన చక్రంతో పనిచేసే రకం చలి దేశాలకూ, శీతల గిడ్డంగులకూ మేలు. మేము విశాఖ నుంచి తెప్పించుకుంటాం. దాని నీటి పైపును బాత్‌రూమ్‌లోకి వేయండి, డబ్బా నిండి రాత్రి ఆగిపోతే ఆ రాత్రి వృథా. అల్మారాల్లో పెట్టే తేమ పీల్చే డబ్బాలు ఇక్కడ ఎందుకూ కొరగావు.

డీహ్యూమిడిఫైయర్ దొరికేలోపు ఏసీ వాడొచ్చు. దాని డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి, ఎంత లాగుతోందో అదే చెప్తుంది. ఒకటిన్నర టన్ను ఏసీ తడి గదిలో గంటకు లీటరు పైనే తీస్తుంది. కానీ గది చల్లబడి కంప్రెసర్ ఆగగానే బకెట్ ఆగిపోతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూ కాయిల్ మీద మిగిలిన నీటిని తిరిగి గదిలోకి ఊదుతుంది. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిగా నడిచేటప్పుడు కాయిల్ అంత చల్లగా ఉండదు, నీరు తక్కువ పడుతుంది. డ్రై మోడ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది డీహ్యూమిడిఫైయర్ అయిపోదు. గోడ చల్లబడితే ఆరడం కూడా నెమ్మదిస్తుంది. డీహ్యూమిడిఫైయర్ గదిని కాస్త వేడెక్కిస్తుంది కాబట్టి దానికి ఏసీ తోడుగా పెడితే రెండూ బాగా పనిచేస్తాయి.

వేడి పెట్టమని కొందరు సలహా ఇస్తారు. హాలోజన్ లైట్లు గోడకి దగ్గరగా పెట్టడం, గ్యాస్ స్టవ్ వెలిగించడం, బొగ్గుల కుంపటి. మొదటిది బోర్డును పాడుచేస్తుంది. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీరే, అది రసాయనికంగా కలిసిపోయి ఉంటుంది. బోర్డు నిప్పును కాసేపు ఆపగలిగేది దానివల్లనే. మనం తీయాల్సింది పైన చేరిన నీటిని, దాన్ని కాదు. గోడ 50 డిగ్రీలు దాటి అలాగే ఉంటే లోపలి నీరు కూడా పోవడం మొదలై బోర్డు గుల్లబారుతుంది. గ్యాస్ సంగతి ఇంకా తమాషా. కిలో గ్యాస్ మండితే లీటరున్నర నీటి ఆవిరి పుడుతుంది, అంటే గదిలోకి ఇంకో తడి తెచ్చుకున్నట్టు. మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో మనుషులే పోతారు. జనరేటరు కూడా గది లోపల గానీ కిటికీ పక్కన గానీ పెట్టకండి.

జనరేటరు అన్నాను కాబట్టి ఇంకో మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు కూడా నీళ్లు, కరెంటు కోత కలిసే వచ్చాయి. మిషన్లు నడిచే దారి లేనప్పుడు బోర్డును ఆరబెట్టాలని చూడకండి. తడిసినంత మేర కోసి, ఫ్రేము తెరిచి వదిలేయండి. మూసిన గోడ లోపల తడి ఉండటం కంటే తెరిచిన గోడ మేలు. మీకు కరెంటు ఉంది కాబట్టి ఆ తిప్పలు లేవు.

ఎప్పటికి ఆరుతుంది? మంచి నీరు, గట్టి బోర్డు, మూసిన గది, సరైన మిషను ఉంటే మూడు నుంచి అయిదు రోజులు. చేత్తో తాకి చెప్పకండి. కాగితం పొడిగా తగిలినా లోపల తడి ఉంటుంది. గోడలో తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ కావాలి. చవక మీటర్లన్నీ చెక్క కోసం చేసినవి, బోర్డులో గుచ్చితే అవి చూపే శాతం నిజం శాతం కాదు. అందుకని పోల్చి చూడండి. అసలు తడవని పార్టిషన్ ఉంటే అక్కడ నాలుగైదు చోట్ల గుచ్చి అంకె రాసుకోండి, తడిసిన గోడ ఆ అంకెకు వచ్చి రెండు రోజులు అక్కడే నిలబడాలి. జిప్సం స్కేలు ఉన్న మీటరైతే 1 శాతం లోపు రావాలి. స్టడ్ మీద, స్క్రూ మీద గుచ్చితే తప్పు చూపుతుంది, ఉప్పు చేరిన చోట కూడా అంతే. గోడ మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, రోజూ అవే చుక్కల దగ్గర కొలిచి, తేదీ వేసి రాయండి. తడవని గోడ అంకెకు రాకముందే రెండు రోజులు అంకె కదలకపోతే లోపల ఎక్కడో ఇంకా నీరు కారుతూ ఉండొచ్చు. ముందు ఆ పైపు జాయింటు మళ్లీ చూడండి.

మీ ఫాల్స్ సీలింగ్ గురించి ఏమీ రాయలేదు, పైపు అక్కడినుంచే దిగుతోంది కాబట్టి ఒకసారి పైకి చూడండి. కిందికి వంగినట్టుంటే కింద ఎవరినీ నిలబడనీయకండి. బకెట్ పెట్టి స్క్రూడ్రైవరుతో చిన్న కన్నం పొడిచి నీరు దించండి. వంగిన సీలింగ్ బోర్డు ఆరినా తిరిగి చదును కాదు, మార్చాల్సిందే.

మేస్త్రి పుట్టీ విషయం. తడి బోర్డు మీద పుట్టీ పెడితే లోపలి తడికి దారి మూసినట్టే. కొన్నాళ్లకు రంగు బుడగలు కట్టి, టేపు లేచి, పసుపు మరకలు మళ్లీ బయటపడతాయి. మీటరు ఒప్పుకున్నాకే జాయింట్ కాంపౌండు, పేపర్ టేపు, తర్వాత మరకలు ఆపే ప్రైమరు, ఆపైన మామూలు ఎమల్షన్.

ముందు గదిలో కోసిన రెండడుగులకి మళ్లీ జిప్సం బోర్డే వేయకండి. ఫైబర్ సిమెంట్ బోర్డు వేయించండి, నేలకి ఒక సెంటీమీటరు ఎత్తులో ఆపి, ఆ సందును స్కర్టింగుతో కప్పించండి. చాలా చోట్ల మన పనివాళ్లు బోర్డును నేలకి ఆనించేస్తారు, నేల తుడిచిన నీళ్లు కూడా ఎక్కుతాయి. పచ్చరంగు తేమ నిరోధక బోర్డు చాలదా అని అడుగుతారు. రెండు గంటలు నీళ్లలో ముంచినా బరువులో 5 శాతానికి మించి పీల్చకూడదన్నది దానికి పెట్టిన ప్రమాణం, బాత్‌రూమ్ చెమ్మకి అది చాలు. రాత్రంతా నిలిచే కాలువ నీటికి అది కూడా చెత్తలోకే. స్విచ్ బోర్డులు కూడా ఈ అవకాశంలోనే పైకి జరిపించండి, బోర్డు మూసే ముందు వైర్లు, స్టడ్‌లు కనిపించేలా ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచండి.

సోమవారం క్లాసుల సంగతి. వెనక గదిలో మిషను నడుస్తుంది, తలుపు మూసి ఉండాలి, కాబట్టి అక్కడ కుదరదు. ముందు గదిలో ఆదివారంలోపు బోర్డు కోసి, చానెల్, నేల కడిగి, ఫ్రేము ఆరితే, బోర్డు లేకుండానే పిల్లల్ని కూర్చోబెట్టొచ్చు. కింద రెండడుగులు ఖాళీగా కనిపిస్తుంది, అంతే. తెరిచిన వైర్లు మాత్రం ఎలక్ట్రీషియన్ చేత ముందే కప్పించండి. ఆస్తమా ఉన్న పిల్లలుంటే వాసన పూర్తిగా పోయేదాకా వాళ్లకి ఆన్‌లైన్‌లో చెప్పమనండి. మీటరు అంకెలు రాశాక ఇక్కడ పెట్టండి, వెనక గోడ ఉంచాలో తీసేయాలో చూసి చెప్తాను.